జంట ఇంజన్లు

ప్రవేశిక

ఒక కొత్త యంత్రాన్ని వందల సంఖ్యలో తయారుచేయడానికి ముందు ఒకటి రెండు నమూనాలను నిర్మించి, వాటి గుణదోషాలను పరీక్షించడం శాస్త్రజ్ఞులు అనుసరించే పద్ధతి. బ్రిటన్‌లో ప్రధాన రైలు మార్గాలపై నడిచిన తొలి డీజిల్ ఇంజన్లు ఇటువంటి నమూనాలే. ఆ తరగతిలో ఉన్నవి రెండే రెండు ఇంజన్లు. అవి ఎలా పుట్టాయి, ఏమి సాధించాయి, చివరికి ఏమయ్యాయి అన్నది ఈ పాఠంలోని విషయం. ప్రయోగం చేయడం ఎంత ముఖ్యమో, దాని ఫలితాన్ని సకాలంలో గ్రహించడం కూడా అంతే ముఖ్యమని ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠం

1947వ సంవత్సరం చివరి రోజులు. ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న డెర్బీ పట్టణంలోని రైల్వే కర్మాగారం ఒక గడువుతో పోటీ పడుతున్నది. ఆ కర్మాగారం 'లండన్ మిడ్లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే' అనే పెద్ద సంస్థకు చెందినది. ఆ పేరును అందరూ క్లుప్తంగా ఎల్.ఎం.ఎస్. అనేవారు. 1948 జనవరి 1న బ్రిటన్‌లోని నాలుగు పెద్ద రైల్వే సంస్థలూ ప్రభుత్వపరం కానున్నాయి. ఆ రోజుతో ఎల్.ఎం.ఎస్. అన్న పేరు చరిత్రలో కలిసిపోతుంది. ఆలోగా ఒక ఇంజన్ ఆ సంస్థ పేరుతో పట్టాలెక్కాలని అక్కడి అధికారుల కోరిక.

ఆ కోరిక నెరవేరింది. 1947 డిసెంబరులో ఆ ఇంజన్ కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. నల్లని ఒంటిమీద వెండిరంగు పట్టీ, పక్కభాగాన ఉబ్బెత్తుగా మెరిసే ఎల్.ఎం.ఎస్. అక్షరాలు, వాటితోపాటు 10000 అనే సంఖ్య. దానికి పొగగొట్టం లేదు, బొగ్గుపెట్టె లేదు, పైకి కనిపించే పెద్ద చక్రాలు, కడ్డీలు లేవు. బ్రిటన్‌లో ప్రధాన మార్గాలపై నడవడానికి తయారైన తొలి డీజిల్ ఇంజన్ అదే. దాని తోడుగా 10001 అనే రెండో ఇంజన్ 1948 జులైలో పూర్తయింది. అప్పటికి పాత సంస్థ లేదు. కాబట్టి ఆ అక్షరాలు ధరించే భాగ్యం చిన్నదానికి దక్కలేదు. అన్ని విధాలా ఒకే పోలికతో ఉన్న ఆ రెండింటినీ రైల్వే అభిమానులు కవలలని పిలిచేవారు.

ఈ ఇంజన్ల నిర్మాణానికి నాయకత్వం వహించినవాడు ఎల్.ఎం.ఎస్. ముఖ్య యాంత్రిక ఇంజనీరు హెన్రీ జార్జ్ ఐవాట్. ఆయన 1886లో జన్మించాడు. ఆయన తండ్రి హెన్రీ ఆల్‌ఫ్రెడ్ ఐవాట్ కూడా రైల్వే ఇంజనీరే. గ్రేట్ నార్తర్న్ రైల్వేలో ఇంజన్ల విభాగానికి అధిపతిగా ఉండి, పేరెన్నికగన్న ఆవిరి ఇంజన్లను రూపొందించాడు. ఆవిరి వాసనలో పెరిగిన కుమారుడే ఆవిరి యుగానికి ముగింపు పలికే ఇంజన్‌ను నిర్మించడం విశేషం. అయితే ఆయన ఆవిరికి విరోధి కాడు. డీజిల్ ఇంజన్ రూపుదిద్దుకుంటున్న కాలంలోనే ఆయన పర్యవేక్షణలో కొత్త ఆవిరి ఇంజన్లు కూడా తయారయ్యాయి. రెండింటినీ పక్కపక్కన నడిపి, ఏది మేలో అనుభవంతో తేల్చాలన్నది ఆనాటి ఆలోచన.

ఆ ఆలోచనకు బలమైన కారణాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ రైల్వేలు అలసిపోయి ఉన్నాయి. మంచి బొగ్గు దొరకడం కష్టమైంది. అంతకంటె కష్టం పనివారు దొరకడం. ఆవిరి ఇంజన్‌ను ఒక ప్రయాణానికి సిద్ధం చేయాలంటే గంటల తరబడి ముందుగా నిప్పు రాజేసి, నీటిని మరిగించాలి. ప్రయాణం ముగిశాక బూడిద ఎత్తాలి, మసి తుడవాలి, తరచుగా బాయిలరును కడగాలి. మురికితో, వేడితో కూడిన ఈ పనికి యుద్ధానంతరం యువకులు ముందుకు రావడం తగ్గింది. డీజిల్ ఇంజన్‌కు ఈ బెడద లేదు. అది కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది, ఆపితే ఇంధనం ఖర్చు ఆగిపోతుంది. అమెరికా రైల్వేలు అప్పటికే వేగంగా డీజిల్ వైపు మళ్ళుతున్నాయి. ఎల్.ఎం.ఎస్. సంస్థకు కూడా యార్డుల్లో పెట్టెలను అటూ ఇటూ మార్చే చిన్న డీజిల్ ఇంజన్ల విషయంలో 1930ల నుంచి అనుభవం ఉంది. ఆ అనుభవమే పెద్ద ఇంజన్‌కు పునాది.

ఇంధనం విషయంలో కూడా భేదం పెద్దదే. ఆవిరి ఇంజన్‌లో బొగ్గు మండగా పుట్టిన శక్తిలో నూటికి పది పాళ్ళు కూడా చక్రాలకు చేరవు. మిగిలినదంతా పొగగొట్టం గుండా గాలిలో కలుస్తుంది. డీజిల్ ఇంజన్‌లో దాదాపు నాలుగో వంతు శక్తి చక్రాలను చేరుతుంది.

అయితే డీజిల్ యంత్రానికి ఒక స్వభావసిద్ధమైన లోపం ఉంది. ఆవిరి యంత్రం కదలకుండా నిలబడి ఉన్నప్పుడే పూర్తి బలంతో బరువును లాగగలదు. డీజిల్ యంత్రం అలా కాదు. అది ముందుగా తాను తిరుగుతూ ఉండాలి. తిరగడం మొదలుపెట్టిన తరువాతే దానికి బలం వస్తుంది. నిలబడి ఉన్న వందల టన్నుల రైలుకు దానిని నేరుగా తగిలిస్తే అది ఆగిపోతుంది. బస్సులోనైతే క్లచ్చి, గేర్లు ఈ చిక్కును తీరుస్తాయి. కాని రైలును లాగేంత శక్తిని గేర్ల ద్వారా పంపడం ఆనాడు సులభం కాదు. అందువల్ల ఇంజనీర్లు మరో మార్గం ఎంచుకున్నారు. డీజిల్ యంత్రం చక్రాలను తిప్పదు, ఒక జనరేటరును తిప్పుతుంది. జనరేటరు విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు ఇరుసుల దగ్గర ఉన్న మోటార్లకు చేరి చక్రాలను తిప్పుతుంది. అంటే డీజిల్ ఇంజన్ నిజానికి తన విద్యుత్ కేంద్రాన్ని తానే మోసుకుపోయే విద్యుత్ ఇంజన్. భారతదేశపు ప్రధాన మార్గాలపై నడిచే డీజిల్ ఇంజన్లు కూడా ఈ సూత్రం ఆధారంగానే పనిచేస్తాయి.

10000, 10001 ఇంజన్లలో పదహారు సిలిండర్లు గల యంత్రాన్ని అమర్చారు. దాని శక్తి 1600 అశ్వశక్తులు. ఆ యంత్రాన్ని, విద్యుత్ పరికరాలను ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ అనే సంస్థ సమకూర్చింది. ఒక్కొక్క ఇంజన్ బరువు సుమారు 130 టన్నులు. ఆ బరువును ఆరు ఇరుసులు మోస్తాయి. ఆరింటికీ ఆరు మోటార్లు ఉన్నాయి. అందువల్ల ఇంజన్ బరువంతా పట్టాలపై పట్టు సాధించడానికి ఉపయోగపడుతుంది. వీటికి మరొక ప్రత్యేకత కూడా ఉంది. రెండింటినీ జతచేసి, ముందున్న ఇంజన్‌లో కూర్చున్న డ్రైవరే రెండింటినీ నడపవచ్చు. ఒకదాని ముక్కు భాగం నుంచి మరొకదానిలోకి నడిచి వెళ్ళడానికి తలుపులు కూడా ఏర్పాటుచేశారు.

ఈ జతకట్టే ఏర్పాటుకు ఒక కారణం ఉంది. ఎల్.ఎం.ఎస్. సంస్థలోని అతి పెద్ద ఆవిరి ఇంజన్లు అవసరమైనప్పుడు 1600 అశ్వశక్తులకంటె చాలా ఎక్కువ శక్తిని చూపగలిగేవి. కాబట్టి ఒంటరిగా నడిచే డీజిల్ ఇంజన్ వాటికి సాటి కాలేదు. మధ్యతరహా ఎక్స్‌ప్రెస్ బళ్ళకు ఒకటి చాలు. బరువైన బళ్ళకు రెండూ కలవాలి.

1948లో 10000 ఇంజన్ మొదట లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు, డెర్బీకి మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్ బళ్ళను లాగింది. రెండో ఇంజన్ వచ్చిన తరువాత అసలు పరీక్ష ఎదురైంది. లండన్‌లోని యూస్టన్ నుంచి స్కాట్లాండులోని గ్లాస్గో వరకు సుమారు 400 మైళ్ళ దూరం. ఆ మార్గంలో 'రాయల్ స్కాట్' అనే పేరుపొందిన బండి నడిచేది. దారిలో షాప్, బీటక్ అనే రెండు కొండ మిట్టలున్నాయి. షాప్ మిట్టపై చివరి మైళ్ళలో ప్రతి 75 అడుగులకు ఒక అడుగు చొప్పున దారి పైకి లేస్తుంది. ఆ ఎక్కుడులో ఆవిరి ఇంజన్లు రొప్పుతూ పోయేవి. బరువు ఎక్కువైతే వెనుకనుంచి మరో ఇంజన్ నెట్టవలసి వచ్చేది. జంట డీజిళ్ళు కలిసి 3200 అశ్వశక్తులతో ఆ మిట్టలను అలవోకగా ఎక్కాయి. ఈ పని చేయగలమని అవి నిరూపించాయి.

అయితే లోపాలు లేకపోలేదు. ఆ రోజుల్లో ప్రయాణికుల పెట్టెలను చలికాలంలో ఆవిరితోనే వెచ్చబరిచేవారు. ఆవిరి ఇంజన్‌కు అది శ్రమలేని పని. డీజిల్ ఇంజన్‌లో మాత్రం ఆ ఒక్క పనికోసమే ఒక చిన్న బాయిలరును విడిగా పెట్టవలసి వచ్చింది. ఆ బాయిలరు తరచుగా మొరాయించేది. అందువల్ల శీతాకాలంలో ఈ ఇంజన్లను సరకుల బళ్ళకు పంపిన సందర్భాలున్నాయి. 400 మైళ్ళను జయించిన యంత్రం ఒక చిన్న పొయ్యి దగ్గర ఓడిపోయింది! ఆవిరి ఇంజన్లకోసం కట్టిన షెడ్లలో, మసి, బూడిద మధ్యనే వీటిని నిలపవలసి రావడం మరొక ఇబ్బంది. సున్నితమైన విద్యుత్ పరికరాలకు ఆ దుమ్ము శత్రువు. రెండే ఇంజన్లు కావడంవల్ల ఒకటి మరమ్మతుకు చేరితే జంట పని ఆగిపోయేది.

ఈ లోపాలను తెలుసుకోవడం కూడా ప్రయోగంలో భాగమే. ఏ భాగం బలహీనమో, ఎటువంటి షెడ్డు కావాలో, ఎంత శక్తి అవసరమో ఈ రెండు ఇంజన్లు స్పష్టంగా చెప్పాయి. వినవలసినవారు ఏమి చేశారన్నదే ప్రశ్న.

1948 నాటికి బ్రిటిష్ రైల్వేల చేతిలో 20,000కు పైగా ఆవిరి ఇంజన్లున్నాయి. కొత్త ఇంజన్ల విధానాన్ని నిర్ణయించే బాధ్యత రాబర్ట్ రిడిల్స్ అనే ఇంజనీరుపై పడింది. బొగ్గు స్వదేశంలో దొరుకుతుంది, చమురును విదేశాలనుంచి కొనాలి. యుద్ధంవల్ల దేశ ధనాగారం చితికిపోయి ఉంది. పైగా డీజిల్ ఇంజన్ ధర ఆవిరి ఇంజన్ ధరకు అనేక రెట్లు. ఎప్పటికైనా మార్గాలను విద్యుదీకరించడమే మేలని, అంతవరకు ఆవిరితోనే సరిపెట్టుకోవాలని రిడిల్స్ భావించాడు. ఆ భావన ఆనాటికి అహేతుకమైనది కాదు. దాని ప్రకారం 1951 నుంచి 1960 వరకు 999 కొత్త ఆవిరి ఇంజన్లు తయారయ్యాయి. వాటిలో చివరిది 'ఈవెనింగ్ స్టార్', అనగా సంధ్యాతార. అది 1960 మార్చిలో స్విండన్ కర్మాగారంనుంచి వెలువడింది. 1965లోనే అది విశ్రాంతి తీసుకుంది. దాని ఆయుష్షు ఐదేళ్ళే!

ఈలోగా ఐవాట్ బావగారైన ఆలివర్ బుల్లీడ్ ఆలోచనలనుంచి కూడా డీజిల్ ఇంజన్లు పుట్టాయి. బుల్లీడ్ సదరన్ రైల్వేలో ముఖ్య యాంత్రిక ఇంజనీరుగా పనిచేసినవాడు. ఐవాట్ సోదరిని వివాహమాడాడు. ఆయన ఆధ్వర్యంలో మొదలైన మూడు ఇంజన్లు 1950, 1951, 1954 సంవత్సరాల్లో పూర్తయ్యాయి. వాటి సంఖ్యలు 10201, 10202, 10203. మొదటి రెండింటి శక్తి 1750 అశ్వశక్తులు. మూడోదాని శక్తి 2000. ఐవాట్ ఇంజన్లలోని యంత్రమే వీటిలో క్రమంగా బలం పుంజుకుంది. 1953లో ఐవాట్ జంటను కూడా దక్షిణ ప్రాంతానికి పంపి, వీటితో సరిపోల్చి చూశారు. 1955లో అన్నీ మళ్ళీ ఉత్తరపు మార్గాలకు చేరాయి.

ఆ 1955లోనే బ్రిటిష్ రైల్వేలు ఆధునికీకరణ ప్రణాళికను ప్రకటించాయి. ఆవిరిని పూర్తిగా విడిచిపెట్టాలన్నది ఆ ప్రణాళికలోని ముఖ్యాంశం. మొదట 174 డీజిల్ ఇంజన్లను వివిధ సంస్థలచేత చేయించి, వాటిని కొన్నేళ్ళు పరీక్షించి, మేలైన వాటినే ఎక్కువ సంఖ్యలో తయారుచేయాలని సంకల్పించారు. సంకల్పం మంచిదే. కాని రైల్వేల నష్టాలు పెరిగాయి, తొందర పెరిగింది. పరీక్షలు ముగియకుండానే వందల ఇంజన్లకు ఆజ్ఞలు జారీ అయ్యాయి. ఫలితంగా రకరకాల ఇంజన్లు పట్టాలపైకి వచ్చాయి. వాటిలో కొన్ని తరచుగా చెడిపోయాయి. ఇరవై ఇంజన్లు గల ఒక తరగతి 1958, 1959 సంవత్సరాల్లో సేవలో ప్రవేశించి, 1968 నాటికి పూర్తిగా తొలగిపోయింది.

దీనికి భిన్నంగా, 10203 ఇంజన్ అడుగుజాడల్లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థ 2000 అశ్వశక్తుల ఇంజన్ ఒకటి రూపొందించింది. తరువాతి కాలంలో దానికి 40వ తరగతి అన్న పేరు వచ్చింది. 1958 నుంచి 1962 వరకు అటువంటివి 200 ఇంజన్లు తయారయ్యాయి. 1980ల వరకు అవి రైల్వేలకు సేవ చేశాయి. పదేళ్ళ పరిశీలనలో రాటుదేలిన యంత్రం నిలిచింది. తొందరలో పుట్టినవి కొన్ని రాలిపోయాయి. మొదట చాలాకాలం ఆలస్యం చేయడం, తరువాత ఆ ఆలస్యాన్ని పూడ్చడానికి పరుగుపెట్టడం – ఈ రెండూ ఖరీదైన పొరపాట్లేనని అనుభవం చెప్పింది.

జంట ఇంజన్లు తమ సంతానం ముందు క్రమంగా చిన్నబోయాయి. వాటి విడిభాగాలు దొరకడం కష్టమైంది. 10000 ఇంజన్‌ను 1963 డిసెంబరులో, 10001 ఇంజన్‌ను 1966 మార్చిలో సేవనుంచి తొలగించారు. 1968 జనవరిలో మొదటిదాన్ని, ఫిబ్రవరిలో రెండోదాన్ని తుక్కు కింద ముక్కలు చేశారు. అదే సంవత్సరం ఆగస్టు వరకు బ్రిటిష్ రైల్వేలలో ఆవిరి ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. ఆవిరిని సాగనంపడానికి పుట్టిన ఇంజన్లు ఆవిరికంటె ముందే కనుమరుగయ్యాయి!

ఈవెనింగ్ స్టార్‌ను జాతీయ సంపదగా భద్రపరిచారు. 40వ తరగతిలోని తొలి ఇంజన్‌ను కూడా కాపాడారు. ఈ జంటలో ఒక్కదానినైనా నిలుపుకోవాలని మాత్రం ఆనాడు ఎవరికీ తోచలేదు. చివరిదానికి వీడ్కోలు చెప్పడానికి జనం గుమిగూడతారు. మొదటిదాని విలువ తెలియడానికి మాత్రం కాలం పడుతుంది. 2011లో కొందరు అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి, అదే జాతికి చెందిన పాత యంత్రాన్ని సంపాదించి, 10000 ఇంజన్‌ను తిరిగి నిర్మించే ప్రయత్నం ప్రారంభించారు. ఒకనాడు ముక్కలు చేసినదాన్ని మళ్ళీ ముక్కముక్కగా కూర్చవలసి వచ్చింది.

ఐవాట్ 1951లో రైల్వేల నుంచి విరమించి, 1976లో కన్నుమూశాడు. తన ఇంజన్లు సాధించిన ఫలితాలను, వాటికి పట్టిన గతిని కూడా ఆయన జీవితకాలంలోనే లోకం చూసింది. ప్రయోగం ఒక ప్రశ్న వంటిది. ప్రశ్న వేసినవారు జవాబు వచ్చేవరకు ఓపిక పట్టాలి. వచ్చిన జవాబును చెవిని పెట్టాలి. రెండే రెండు ఇంజన్లు రెండు దశాబ్దాలలో నేర్పిన పాఠం ఇది.

కఠిన పదాలకు అర్థాలు

గడువు = నిర్ణయించిన కాలపరిమితి
నమూనా = మాదిరి
ఇరుసు = రెండు చక్రాలను కలిపే కడ్డీ
ఎక్కుడు = పైకి ఎక్కే వాలు
అలవోకగా = సులభంగా, శ్రమ లేకుండా
మొరాయించు = పనిచేయక మొండికేయు
అహేతుకం = తగిన కారణం లేనిది
రాటుదేలు = అనుభవంతో గట్టిపడు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. 10000, 10001 ఇంజన్ల నిర్మాణానికి దారితీసిన పరిస్థితులను, వాటి నిర్మాణ విశేషాలను వివరించండి.
2. 'ఆలస్యం, తొందర – రెండూ ఖరీదైన పొరపాట్లే' అన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా ఎందుకు తిప్పలేదు?
2. రిడిల్స్ ఆవిరి ఇంజన్లవైపు మొగ్గుచూపడానికి కారణాలేమిటి?
3. శీతాకాలంలో జంట ఇంజన్లకు ఎదురైన ఇబ్బంది ఏమిటి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 10000 ఇంజన్ ఏ పట్టణంలో తయారయింది?
2. జంట ఇంజన్లు కలిసినప్పుడు వాటి మొత్తం శక్తి ఎంత?
3. బ్రిటిష్ రైల్వేలు నిర్మించిన చివరి ఆవిరి ఇంజన్ పేరేమిటి?

IV. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "400 మైళ్ళను జయించిన యంత్రం ఒక చిన్న పొయ్యి దగ్గర ఓడిపోయింది!"
2. "మొదటిదాని విలువ తెలియడానికి మాత్రం కాలం పడుతుంది."

V. భాషాంశాలు
సంధులు: యుద్ధానంతరం = యుద్ధ + అనంతరం (సవర్ణదీర్ఘ సంధి); ముఖ్యాంశం = ముఖ్య + అంశం (సవర్ణదీర్ఘ సంధి).
సమాసాలు: గుణదోషాలు = గుణమును, దోషమును (ద్వంద్వ సమాసం); ధనాగారం = ధనం కొరకు ఆగారం (చతుర్థీ తత్పురుష సమాసం).